ఆటగాళ్ల వేలం: తెలుగు అభిమానుల అంచనాల చరిత్ర

లీగ్ పోటీలకు ముందు తమ జట్టు ఎవరిని అట్టిపెట్టుకుంటుంది, ఎవరిని వదులుకుంటుంది, వేలంలో ఎవరిని పాడుకుంటుంది, ఏ జట్టుతో ఎవరిని మార్చుకుంటుంది అన్న విషయాల మీద అభిమానులు కట్టే లెక్కలు, చేసే వాదనలు ఇప్పుడు ఆటలో విడదీయలేని భాగం. ఈ అలవాటు తెలుగునాట 2008లో ఇండియన్ ప్రీమియర్ లీగ్ (ఐపీఎల్) తొలి వేలంతో మొదలై కబడ్డీకి, హాకీకి, మహిళల క్రికెట్‌కు పాకింది. తొలి రోజుల్లో చర్చంతా పెద్ద పేర్ల చుట్టూ తిరిగేది. పోనుపోను అది పర్సులో మిగిలిన సొమ్ము, జట్టులోని ఖాళీలు, జాబితాలోని తెలుగు కుర్రాళ్ల మీదికి మళ్లింది.

నేపథ్యం

ఆటగాళ్లను జట్లకు పంచే పద్ధతులు ముఖ్యంగా రెండు. ఉత్తర అమెరికాలో ఉన్నది డ్రాఫ్ట్. అక్కడి అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ 1936లో, ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ 1963లో దీన్ని ప్రారంభించాయి. మాంట్రియల్‌లో జరిగిన ఎన్‌హెచ్‌ఎల్ తొలి డ్రాఫ్ట్‌లో 21 మందిని ఎంచుకున్నారు. వెనకబడ్డ జట్లకు ముందుగా ఎంచుకునే అవకాశం ఇవ్వడం డ్రాఫ్ట్ మూలసూత్రం. అందుకే అక్కడి అభిమానులు సీజన్ ముగియకముందే వచ్చే ఏడాది కుర్రాళ్లలో ఎవరు తమ వంతుకు వస్తారో అంచనా వేస్తూ నమూనా జాబితాలు రాసుకుంటారు.

రెండోది వేలం. భారతదేశపు లీగులు ఎక్కువగా దీన్నే ఎంచుకున్నాయి. ఇందులో ఆఖరి స్థానంలో నిలిచిన జట్టుకు ప్రత్యేక హక్కేమీ ఉండదు. ఖర్చుకు పరిమితి అందరికీ ఒకటే. పొగాకు వేలం కేంద్రాలనూ రేవుల్లో చేపల పాటనూ చూసిన కోస్తా జనానికి ఈ పద్ధతి అర్థం కావడానికి ఎవరూ వివరించనక్కర్లేకపోయింది. సరుకు విలువ ఎంత, పక్కవాడి దగ్గర డబ్బెంత, ఎక్కడ ఆగాలి అన్న మూడు ప్రశ్నలే ఆటగాళ్ల వేలానికీ మూలం.

ఐపీఎల్‌లో డ్రాఫ్ట్ పూర్తిగా లేకపోలేదు. చెన్నై, రాజస్థాన్ జట్లపై నిషేధం పడ్డప్పుడు వాటి ఆటగాళ్ల కోసం పుణె, రాజ్‌కోట్ జట్లకు 2015 డిసెంబరులో డ్రాఫ్ట్ నిర్వహించారు. 2022 మెగా వేలానికి ముందు కొత్త జట్లయిన గుజరాత్, లక్నోలు చెరో ముగ్గురిని నేరుగా ఎంచుకున్నాయి.

దక్కన్ ఛార్జర్స్ కాలం (2008–2012)

ఐపీఎల్‌కు ముందే, 2007లో మొదలైన ఇండియన్ క్రికెట్ లీగ్‌లో హైదరాబాద్ హీరోస్ పేరిట ఒక జట్టు ఉండేది. గుంటూరులో పుట్టిన అంబటి రాయుడు అందులో ఆడాడు. అయితే వేలం అనే దృశ్యాన్ని జనం చూసింది 2008 ఫిబ్రవరి 20న, ముంబైలో. ఒక్కో జట్టుకు ఖర్చు పరిమితి 50 లక్షల డాలర్లు. ఐదు జట్లకు వాటి నగరానికి చెందిన ‘ఐకాన్’ ఆటగాళ్లు ఉన్నారు. ఐకాన్‌కు జట్టులో అత్యధిక ధర పలికినవాడి కంటే 15 శాతం ఎక్కువ ఇవ్వాలి. హైదరాబాద్‌కు ఆ హోదా దక్కాల్సిన వి.వి.ఎస్. లక్ష్మణ్, జట్టుకు ఖర్చు పెట్టే వెసులుబాటు పెరగాలని దాన్ని స్వయంగా వదులుకున్నాడు. తెలుగు జట్టు వేలం చరిత్ర ఒక ఆటగాడి త్యాగంతో మొదలైందని చెప్పడం అతిశయోక్తి కాదు.

ఆ వెసులుబాటుతో దక్కన్ ఛార్జర్స్ ఆండ్రూ సైమండ్స్‌ను 13.5 లక్షల డాలర్లకు దక్కించుకుంది. ఆ రోజు ధోనీ (15 లక్షల డాలర్లు) తర్వాత అదే అత్యధిక ధర. రోహిత్ శర్మ, ఆడమ్ గిల్‌క్రిస్ట్, షాహిద్ అఫ్రిది, హెర్షెల్ గిబ్స్ కూడా వచ్చారు. కాగితం మీద ఇంత బలంగా కనిపించిన జట్టు తొలి సీజన్‌లో అట్టడుగున నిలిచింది. దాదాపు అదే జట్టు మరుసటి ఏడాది గిల్‌క్రిస్ట్ సారథ్యంలో దక్షిణాఫ్రికాలో కప్పు గెలిచింది. 2009 మే 24న జొహానెస్‌బర్గ్‌లో జరిగిన ఫైనల్‌లో బెంగళూరుపై 6 పరుగుల తేడాతో నెగ్గింది. వేలం రోజు వేసిన అంచనా సీజన్ చివరికి నిలవకపోవచ్చని తెలుగు అభిమానులకు తొలి రెండేళ్లలోనే తెలిసింది.

2011 జనవరి మెగా వేలానికి ముందు దక్కన్ ఒక్కరినీ అట్టిపెట్టుకోలేదు. రోహిత్ 20 లక్షల డాలర్లకు ముంబైకి, గిల్‌క్రిస్ట్ పంజాబ్‌కు, లక్ష్మణ్ కొచ్చికి వెళ్లిపోయారు. డేల్ స్టెయిన్, కుమార సంగక్కర, శిఖర్ ధావన్ వచ్చారు. ఎవరిని ఉంచుకోవాలన్నది ఎవరిని కొనాలన్నంత బరువైన నిర్ణయమని ఈ వేలం చాటింది. ఆ తర్వాతి ఏళ్లలో రోహిత్ నాయకత్వాన ముంబై ఐదు కప్పులు గెలవడంతో, అతన్ని వదులుకున్న విషయం ప్రతి రిటెన్షన్ చర్చలోనూ ప్రస్తావనకు వస్తూనే ఉంది.

సన్‌రైజర్స్ రాక, లెక్కల చర్చ (2012–2018)

2012 సెప్టెంబరులో దక్కన్ ఛార్జర్స్ రద్దయింది. అక్టోబరులో సన్ టీవీ నెట్‌వర్క్ ఏడాదికి రూ.85.05 కోట్ల చొప్పున హైదరాబాద్ ఫ్రాంచైజీని దక్కించుకుని సన్‌రైజర్స్ పేరిట జట్టును దింపింది. 2014 వేలానికి సన్‌రైజర్స్ ధావన్, స్టెయిన్‌లను అట్టిపెట్టుకుని, డేవిడ్ వార్నర్‌ను రూ.5.5 కోట్లకు, భువనేశ్వర్ కుమార్‌ను రూ.4.25 కోట్లకు తీసుకుంది. రెండేళ్ల తర్వాత వార్నర్ 848 పరుగులతో, భువనేశ్వర్ అత్యధిక వికెట్లతో 2016 కప్పు తెచ్చిపెట్టారు. బౌలింగ్‌ను ముందుగా కట్టుకోవాలన్న సన్‌రైజర్స్ తీరు అభిమానుల అంచనాలకు కొలమానంగా మారింది.

పాత యజమాని జట్టు, వేలంలో తుది ధర చెల్లించి తన ఆటగాణ్ని తిరిగి తీసుకునే ‘రైట్ టు మ్యాచ్’ (ఆర్‌టీఎం) కార్డు 2014లోనే వచ్చింది. దీంతో ముచ్చట్లలో కొత్త లెక్క చేరింది. ఒకణ్ని నేరుగా ఉంచుకోవడం లాభమా, వేలంలోకి వదిలి కార్డు వాడటం లాభమా? 2018లో సన్‌రైజర్స్ వార్నర్, భువనేశ్వర్‌లను ముందే ఉంచుకుని, రషీద్ ఖాన్‌ను రూ.9 కోట్లకు, ధావన్‌ను రూ.5.2 కోట్లకు కార్డుతో వెనక్కి తెచ్చుకుంది.

ధావన్ మార్పిడి: ఒక ట్రేడ్ కథ

తెలుగు అభిమానులు అత్యంత సూక్ష్మంగా లెక్కగట్టిన ట్రేడ్ 2018 చివర్లో జరిగింది. ధావన్‌ను ఢిల్లీకి ఇచ్చి, బదులుగా సన్‌రైజర్స్ ముగ్గురిని తీసుకుంది. విజయ్ శంకర్ ధర రూ.3.2 కోట్లు, షాబాజ్ నదీమ్‌ది రూ.3.2 కోట్లు, అభిషేక్ శర్మది రూ.55 లక్షలు. ముగ్గురూ కలిసి రూ.6.95 కోట్లు. ధావన్ ధర రూ.5.2 కోట్లు కాబట్టి, తేడా రూ.1.75 కోట్లు సన్‌రైజర్స్ చెల్లించాల్సి వచ్చింది.

అప్పటి లెక్క ప్రకారం ఇది నష్టబేరం. నిలకడగా పరుగులు చేసే ఓపెనర్ పోయాడు, పైగా చేతి సొమ్ము పోయింది. చర్చంతా విజయ్ శంకర్ మీదే సాగింది. పద్దెనిమిదేళ్ల అభిషేక్‌ది జాబితాలో చివరి పేరు. 2022 వేలంలో సన్‌రైజర్స్ అతన్ని రూ.6.5 కోట్లకు మళ్లీ తీసుకుంది. 2024లో అతను 484 పరుగులు చేసి, 42 సిక్సర్లు కొట్టి జట్టును ఫైనల్‌కు చేర్చడంలో ముందు నిలిచాడు. 2025 ఏప్రిల్ 12న పంజాబ్‌పై 246 పరుగుల లక్ష్య ఛేదనలో 55 బంతుల్లో 141 పరుగులు చేశాడు. ఐపీఎల్‌లో భారతీయుడి అత్యధిక స్కోరు అదే. ట్రేడ్ మంచిదో చెడ్డదో తేలడానికి ఆరేళ్లు పట్టింది. మార్పిడి వార్త రాగానే తీర్పు చెప్పేవారికి ఇంతకంటే గట్టి సమాధానం తెలుగు క్రికెట్‌లో మరొకటి లేదు.

స్థానికుల ప్రశ్న

అభిమానుల అంచనాల్లో ఎప్పుడూ వినిపించే ప్రశ్న: ‘ఈసారి మనవాళ్లెవరైనా ఉన్నారా?’ 2017 ఫిబ్రవరి 20న బెంగళూరు వేలంలో దానికి ఘనమైన జవాబు దొరికింది. హైదరాబాద్ ఆటోడ్రైవర్ కుమారుడు మహ్మద్ సిరాజ్ కనీస ధర రూ.20 లక్షలు. పాట పెరుగుతూ పోయి రూ.2.6 కోట్ల దగ్గర, అంటే పదమూడు రెట్ల దగ్గర, సన్‌రైజర్స్ పక్షాన ఆగింది. మరుసటి ఏడాదే అతను అదే ధరకు బెంగళూరుకు వెళ్లిపోయాడు.

2021 ఫిబ్రవరి వేలం తర్వాత సన్‌రైజర్స్ జట్టులో హైదరాబాద్ ఆటగాడే లేకపోవడం రాజకీయ అంశమైంది. అప్పటి ఖైరతాబాద్ ఎమ్మెల్యే దానం నాగేందర్ దీన్ని బహిరంగంగా తప్పుబట్టి, స్థానికులకు చోటివ్వకపోతే జట్టు పేరులోంచి హైదరాబాద్‌ను తీసేయాలన్నారు. మరుసటి ఏడాది హైదరాబాద్ కుర్రాడు తిలక్ వర్మను రూ.1.7 కోట్లకు ముంబై ఎగరేసుకుపోవడంతో బాధ ఇంకా పెరిగింది. అదే 2022 సీజన్‌కు ముందు రషీద్ ఖాన్‌ను కూడా సన్‌రైజర్స్ ఉంచుకోలేదు. గుజరాత్ అతన్ని రూ.15 కోట్లకు ఎంచుకుని తొలి ఏడాదే కప్పు గెలిచింది.

2022 డిసెంబరులో కొచ్చి వేలంలో విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డిని సన్‌రైజర్స్ కనీస ధర రూ.20 లక్షలకే తీసుకుంది. ఆ రోజు చర్చంతా రూ.13.25 కోట్ల హ్యారీ బ్రూక్ గురించే. 2024లో నితీశ్ వర్ధమాన ఆటగాడి పురస్కారం అందుకున్నాడు. ఆ ఏడాది చివర్లో జట్టు అతన్ని రూ.6 కోట్లకు అట్టిపెట్టుకుంది. పాత ధరకు ఇది ముప్పై రెట్లు.

సూర్యలంక, తెనాలి, రేపల్లె ప్రాంతం

చెన్నై–విజయవాడ రైలు మార్గం మీదున్న బాపట్ల, తెనాలి, సముద్రాన్ని ఆనుకున్న సూర్యలంక, డెల్టాలోని రేపల్లె. ఈ ప్రాంతానికి తనదంటూ ఐపీఎల్ జట్టు లేదు. 2014లో రాష్ట్ర విభజన తర్వాత హైదరాబాద్ వేరే రాష్ట్ర రాజధాని అయింది. విశాఖపట్నంలో సన్‌రైజర్స్, తర్వాత ఢిల్లీ మ్యాచ్‌లు జరిగాయి గానీ ఆంధ్రప్రదేశ్ పేరున జట్టు రాలేదు. అందుకే ఇక్కడి అభిమాని వేలం చూసే తీరు వేరు. హైదరాబాద్ జాబితాతో పాటు చెన్నై జాబితానూ అంతే శ్రద్ధగా చదువుతాడు.

దానికి కారణం ఉంది. ఈ ప్రాంతపు మూలాలున్న ఇద్దరు ప్రముఖ ఆటగాళ్లూ చెన్నై పసుపు జెర్సీ వేసుకున్నవారే. 2010 నుంచి ముంబైకి ఆడిన రాయుడిని 2018లో చెన్నై రూ.2.2 కోట్లకు తీసుకుంది. ఆ సీజన్‌లో అతను 602 పరుగులు చేశాడు. 2022లో రూ.6.75 కోట్లు పలికాడు. 2023 ఫైనల్‌తో విరమించేనాటికి అతని ఖాతాలో ఆరు కప్పులున్నాయి. హైదరాబాద్ ఐపీఎల్ జట్టుకు మాత్రం అతను ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. 2022లో అండర్–19 ప్రపంచకప్ గెలిచిన భారత జట్టుకు ఉపసారథి, గుంటూరు బ్యాటర్ షేక్ రషీద్ కూడా చెన్నైకే వెళ్లాడు. 2023 సీజన్‌కు రూ.20 లక్షలు, 2025 సీజన్‌కు రూ.30 లక్షలు. 2025 ఏప్రిల్ 14న లక్నోపై తొలి మ్యాచ్ ఆడి 19 బంతుల్లో 27 పరుగులు చేశాడు. మంగళగిరి నెట్స్‌లో చెమటోడ్చే ప్రతి కుర్రాడికీ ఆ 27 పరుగులు ఒక హామీ.

కబడ్డీ, హాకీ, మహిళల క్రికెట్

2014లో మొదలైన ప్రో కబడ్డీ లీగ్‌లో తెలుగు టైటాన్స్ ఉండటంతో వేలం ముచ్చట్లు పల్లెలకు ఇంకా దగ్గరయ్యాయి. సంక్రాంతి పోటీల్లో కూత పెట్టినవారికి రైడర్ విలువ ఎంతో ఎవరూ చెప్పనక్కర్లేదు. 2019లో సిద్ధార్థ్ దేశాయ్‌ని రూ.1.45 కోట్లకు, 2023లో పవన్ సెహ్రావత్‌ను అప్పటి రికార్డు ధర రూ.2.605 కోట్లకు టైటాన్స్ తీసుకుంది. అయినా 2023–24 సీజన్‌లో జట్టు ఆఖరి స్థానంలో నిలిచింది. ఒక్క స్టార్ రైడర్ కోసం పర్సు ఖాళీ చేస్తే డిఫెన్స్ బలహీనపడుతుందన్న అభిమానుల వాదనకు ఇది బలమిచ్చింది.

హాకీలో 2005 ప్రీమియర్ హాకీ లీగ్ తొలి విజేత హైదరాబాద్ సుల్తాన్స్. 2013 నుంచి 2017 వరకు సాగిన హాకీ ఇండియా లీగ్‌లో మాత్రం హైదరాబాద్ జట్టు లేదు. 2024 అక్టోబరులో ఢిల్లీలో పునరుద్ధరణ వేలం జరిగినప్పుడు హైదరాబాద్ తూఫాన్స్ వచ్చింది. పెనాల్టీ కార్నర్ నిపుణుడు గొంజాలో పెయాట్‌ను రూ.68 లక్షలకు తీసుకుంది. విదేశీ ఆటగాళ్లలో అదే అత్యధికం. 2025 ఫిబ్రవరి 1న రూర్కెలాలో జరిగిన ఫైనల్‌లో బెంగాల్ టైగర్స్ చేతిలో 3–4తో ఓడి రన్నరప్‌గా నిలిచింది.

మహిళల ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ జట్టు లేకపోయినా తెలుగువారి ఆసక్తి తగ్గలేదు. కడప జిల్లా స్పిన్నర్ శ్రీచరణిని 2024 డిసెంబరులో ఢిల్లీ రూ.55 లక్షలకు తీసుకుంది. 2025 ప్రపంచకప్ విజయం తర్వాత ఆర్‌టీఎం కార్డుతో రూ.1.3 కోట్లకు నిలుపుకుంది.

అంచనా వేసే పద్ధతి

తల పండిన అభిమాని మొదట పర్సు చూస్తాడు. ఉదాహరణకు 2025 సీజన్‌కు ఒక్కో జట్టుకు రూ.120 కోట్లు. సన్‌రైజర్స్ క్లాసెన్ (23), కమిన్స్ (18), అభిషేక్ (14), హెడ్ (14), నితీశ్ (6)లను ఉంచుకుని రూ.75 కోట్లు ఖర్చు చేసింది. మిగిలినవి రూ.45 కోట్లు. గరిష్ఠంగా 25 మంది జట్టులో విదేశీయులు ఎనిమిదికి మించకూడదు, తుది జట్టులో నలుగురికి మించకూడదు. కమిన్స్, హెడ్, క్లాసెన్‌లతో మూడు స్థానాలు నిండాయి కాబట్టి పెద్ద సొమ్ము భారత బౌలర్ల మీదే పెడతారన్న అంచనా సహజం. 2024 నవంబరులో జెడ్డా వేలంలో సన్‌రైజర్స్ మహ్మద్ షమీని రూ.10 కోట్లకు, హర్షల్ పటేల్‌ను రూ.8 కోట్లకు తీసుకుంది. ఇషాన్ కిషన్‌కు రూ.11.25 కోట్లు పెట్టింది.

ప్రాముఖ్యం

2008 నుంచి సాగిన వేలాల అనుభవం తెలుగు అభిమానిని కేవలం ప్రేక్షకుడిగా ఉంచలేదు. వయసు, ఫామ్, గాయాలు, పిచ్ స్వభావం, డబ్బు అన్నీ కలిపి తూచే పరిశీలకుణ్ని చేసింది. అంచనాలు తప్పినా ఆ పరిశీలన వల్ల మేలే జరిగింది. రంజీ జట్టులోని, జిల్లా పోటీల్లోని పేర్లు పదిమందికీ తెలిశాయి. అభిషేక్, నితీశ్‌ల కథలు చెప్పేదొక్కటే: వేలం పట్టికలో చివరి వరుసలో, తక్కువ ధరకు అమ్ముడైన పేరును కూడా పెద్ద పేర్లంత శ్రద్ధగా చదవాలి. ఆంధ్ర, హైదరాబాద్ సంఘాల నుంచి వచ్చే కుర్రాళ్లలో ఎక్కువమంది మొదట కనిపించేది ఆ వరుసలోనే.