నదీ అంధత్వం – ఒక కొలకర్ర

నాగరికతలు నదీతీరాన వెలుస్తాయని పిల్లలకు పాఠం చెప్పినవాణ్ణి. పశ్చిమాఫ్రికాలో మాత్రం నదికి వెరచి ఊళ్ళు తరలిపోయాయి, మిత్రులారా! వడిగా పారే నీటిలో పుట్టే నల్ల ఈగ కుడితే దేహంలో చేరే పురుగు సంతానం కంటికి పాకి చూపును హరిస్తుంది. మన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం రూపొందించిన హెట్రజాన్ బోదకాలుకు మందే గాని, ఈ రోగి కంటికి ముప్పు.

కొనలేని వీరికి ఐవర్‌మెక్టిన్ మాత్రలను అవసరమున్నంత కాలం ఉచితంగా ఇస్తామని 1987లో మెర్క్ సంస్థ ప్రకటించింది. అయితే ఆ మందు పిల్లపురుగులనే చంపుతుంది. తల్లిపురుగు పదేళ్ళకు పైగా బ్రతుకుతుంది. కనుక ఏటేటా మింగవలసిందే. బాటలేని పల్లెకు మోసేదెవరు? ధార్మిక సంస్థల శిక్షణతో గ్రామస్థులే పూనుకున్నారు. త్రాసు అక్కరలేదు, కొలకర్రతో ఎత్తు చూసి మాత్రలు లెక్కించి ఇస్తారు. కంపెనీ ఔదార్యం కన్నా నాకీ కొలకర్రే ఘనమనిపిస్తుంది.

2025లో, ఆఫ్రికా దేశాలలో తొలిగా, నైజర్ విముక్తమైనట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది.