పేరు పెట్టి అడిగే ప్రార్థన

దగ్గరికి జరగండి నాయనా, చలి ముదురుతాంది. ఆ కందికట్టె మంటలోకి కొంచెం తొయ్యి. పొద్దున పెద్దోడు ఒక మాట అడిగినాడు. "జేజినాయనా, వాన కోసరం గుళ్లో ఉపవాస ప్రార్థనలు చేసినాము గదా, అయినా శెనక్కాయ చేను ఎండిపాయె. దేవుడు విన్లేదా?" అని. అడగాల్సిన మాటే. మన సీమలో ఆ మాట అడగని తరం లేదు. మా జేజి చెప్పినవీ, నేను కండ్లారా చూసినవీ చెప్తా, వినండి.

ధాత కరువు అని పెద్దోళ్లు అంటారే, అది మా జేజికి వాళ్లమ్మ చెప్పిన ముచ్చట. 1876లో వానలు ఎగ్గొట్టినాయి. రెండేండ్లు జనం అల్లాడిపోయినారు. మద్రాసు రాజధాని అంతా కరువే గానీ, కర్నూలు, కడప, బళ్లారి జిల్లాల మీద పడిన దెబ్బ ఇంతా అంతా కాదు. 1871లో తీసిన జనాభా లెక్కకూ 1881లో తీసిన లెక్కకూ నడుమ కర్నూలు జిల్లాలో ఇంచుమించు నాలుగో వంతు జనం తగ్గిపోయినారు. సుంకేసుల కాడ తుంగభద్రకు ఆనకట్ట కట్టి కె.సి. కాలువ తవ్వి అప్పటికి కొన్నేండ్లే. ఆ నీళ్లు అందని ఊర్లే ఎక్కువ. నల్లరేగడి నెర్రెలు విచ్చింది, గొడ్లు కట్టుగొయ్యల కాడనే పడిపోయినాయి. నాగజెముడు పండ్లూ అడవి గడ్డలూ తిని బతికినోళ్లు బతికినారు.

ఆ కరువులోదే ఒంగోలు ముచ్చట. అదెక్కడో కోస్తా సంగతి అనుకోవద్దు. కంభం, మార్కాపురం, గిద్దలూరు అప్పుడు మన కర్నూలు జిల్లాలోనే ఉండె. 1970లో ఒంగోలు జిల్లా పుట్టినాకనే అటు పోయినాయి. ఆ ముచ్చట మొదలు తెలియాలంటే ఇంకా వెనక్కి, 1854 జనవరి 1కి పోవాల. ఆ తెల్లవారుజామున ఒంగోలు పక్కనున్న కొండ మీదికి ఐదుగురు ఎక్కినారు. నెల్లూరు మిషన్‌లో పనిచేసే లైమన్ జ్యూయెట్ దొర, ఆయన భార్య, జూలియా, రూతు అనే ఇద్దరు తెలుగు ఆడోళ్లు, నర్సు అనే ఒక తెలుగు క్రైస్తవుడు. అప్పటికి ఆ మిషన్ పెట్టి పద్దెనిమిదేండ్లయినా నమ్మినోళ్లు ఏ కొద్దిమందో. ఇంక మూసేద్దామా అని అమెరికాలో పెద్దలు అంతకు ముందేడే తర్జనభర్జన పడినారు. అట్లాంటి పూట ఆ ఐదుగురూ మోకాళ్లూని, ఈ ఒంగోలుకు ఒక మనిషిని పంపు దేవా అని అడిగినారు. అంతే అడిగింది.

మనిషి రావడానికి పన్నెండేండ్లు పట్టింది. 1866లో జాన్ క్లౌ దొర వచ్చి ఒంగోల్లో కాపురం పెట్టినాడు. ఆయన అమెరికాలో సర్వే పని చేసొచ్చినోడు. గొలుసు పట్టి నేల కొలిచే విద్య ఫాదిరికి ఎందుకు అనుకోవచ్చు. పదేండ్లకు ధాత కరువు రానే వచ్చింది. సర్కారు బకింగ్‌హామ్ కాలువ తవ్విస్తాంటే, క్లౌ దొర అందులో మూడున్నర మైళ్ల పని గుత్తకు తీసుకున్నాడు. కొలతలు ఆయనే చూసుకున్నాడు, ఉపదేశకుల్ని మేస్త్రీలుగా పెట్టినాడు. కంభం దిక్కునుంచి కూడా జనం నడిచిపోయి ఆ మట్టి మోసి కూలి తెచ్చుకున్నారు.

ఇంకో సంగతి మా జేజి మరీమరీ చెప్పేది. కరువు సాయం నడిచినన్నాళ్లు ఎంతమంది అడిగినా ఆయన బాప్తిస్మం ఇయ్యలేదు. కూటికోసరం కలిసినారనే మాట ఆ పేదోళ్ల మీద పడకూడదని. సాయం ఆపినాకనే, 1878 జూలై 3న, వెల్లంపల్లి కాడ ఒకే దినం 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మన నల్లమలలో పుట్టి పారే గుండ్లకమ్మలోనే ఆ బాప్తిస్మాలు జరిగినాయి. కొండ మీద అడిగినోళ్లకు కరువు వస్తాదని తెలీదు, కాలువ సంగతీ తెలీదు. అడగడం వాళ్ల పని. ఎట్లాంటి మనిషి కావాల్నో దేవునికి తెలుసు.

ఇంక మన దిక్కు సంగతి. లండన్ మిషన్ కడపకు 1822లోనే వచ్చింది. ముత్యాలపాడు, నంద్యాల, కలసపాడు దిక్కున ఆంగ్లికన్ మిషన్ పని చేసింది. నా చిన్నతనంలో మా పల్లె ఊరికి బయట ఉండె. చదువొచ్చినోళ్లు ఏ ఇద్దరో ముగ్గురో. పొద్దంతా రైతుల చేన్లలో పని, చీకటి పడినాక గుడి కాడ ప్రార్థన. వేపచెట్టుకు వేలాడదీసిన రైలు పట్టా ముక్కను ఉపదేశి మూడుసార్లు కొట్టేది, సంగటి ముద్ద తిన్నోళ్లు తినీ, తిననోళ్లు తినకనే వచ్చి నాపబండల మీద కూర్చునేది. ఒక లాంతరు, ఒక పుస్తకం. తక్కినోళ్లకు అంతా నోటికే వచ్చు. అక్షరం రాని మా జేజి విశ్వాస ప్రమాణం ఒక్క మాట తప్పకుండా చెప్పేది.

ఇంట్లో ఆమె ప్రార్థన వేరే. ఎసట్లో కొర్రలు పోసే ముందర ఒక పిడికెడు తీసి మూలనున్న చిన్న కుండలో వేసేది, వేస్తా ఎవరో ఒకరి పేరు చెప్పి దేవునికి మనవి చేసేది. ఆదివారం ఆ కుండ గుడికి పోయేది, గుళ్లోనుంచి లేనోళ్ల ఇంటికి పోయేది. పండుకునే ముందర మళ్లా పల్లెలో ఇల్లిల్లూ వరసగా పేర్లు చెప్పేది. పల్లె అయిపోయినాక ఊర్లోకి పోయేది. ఊర్లో ఒక ఇల్లుండె. వాళ్ల బాయిలో మమ్మల్ని చేద వేయనిచ్చేటోళ్లు కారు. గట్టు కింద కడవ పెట్టుకుని, ఎవరన్నా దయతలిచి పోస్తారా అని జేజి ఎండలో కాచుకోవడం నేను చూసినా. ఆ ఇంటామె పేరు కూడా రోజూ ప్రార్థనలో వచ్చేది. ఆమె కోడలి కాన్పు సుఖంగా కావాలని, ఆమె కొడుక్కు జ్వరం తగ్గాలని. నాకు కడుపు మండేది.

1952లో మళ్లా పెద్ద కరువు. సీమంతా గంజి కేంద్రాలు పెట్టి పేదోళ్లకు గంజి పోసినారు. ఊర్లో బాయిలన్నీ అడుగంటినాయి. గుడి ఆవరణలో మిషన్ తవ్వించిన బాయిలో మాత్రం ఇంత ఊట నిలిచింది. ఒకనాడు పొద్దుగూకేటప్పుడు ఆ ఇంటామె బిందె చంకన పెట్టుకుని వచ్చి గేటు కాడ నిలబడింది. లోపలికి రాలేదు, నోరు తెరిచి అడగనూ లేదు. పల్లె మొగోళ్లంతా జేజి దిక్కు చూసినారు. జేజి లేచిపోయి ఆమె చేతిలో బిందె తీసుకుని, తనే చేది నింపి, "రేపట్నుంచి నువ్వే వచ్చి తోడుకో తల్లీ" అనింది. ఇంటికొచ్చినాక నేను కొట్లాడినా. ఆమె ఒకటే చెప్పింది: "రోజూ రేతిరి దేవుని ముందర పేరు చెప్పిన మనిషిని పగటిపూట ఎట్ల కాదంటాము రా?"

ప్రార్థనకు బలమేముంది అని ఎవరన్నా అడిగితే నేను ఆ బిందె చూపిస్తా. ఆమె పగను ఆ ప్రార్థనే ఏండ్ల తరబడి కొంచెం కొంచెంగా తీసేసింది. అర్ధరాత్రి స్నేహితుని తలుపు తట్టి రొట్టెలు అడిగినాయన కథ యేసుప్రభువు చెప్పినాడు గదా. ఆయన అడిగింది తన ఆకలికి కాదు, ఇంటికొచ్చిన అతిథి ఆకలికి.

ప్రార్థనతో ఏండ్లకు గానీ తెమలనివీ ఉండాయి. 1947 సెప్టెంబర్ 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. లండన్ మిషన్ వాళ్లు, ఆంగ్లికన్లు, మెథడిస్టులు ఒకటైనారు. జమ్మలమడుగు చుట్టాలు అందులోకి పోయినారు. మన నంద్యాల దిక్కు ఆంగ్లికన్లు చాలామంది వేరుగా ఉండిపోయినారు. ఒకే పాటలు పాడే అన్నదమ్ములకు సంఘాలు వేరైనాయి. తన వాళ్లంతా ఒకటిగా ఉండాలని ప్రభువు చనిపోయే ముందటి రాత్రి తండ్రిని అడిగినాడు. ఆ ప్రార్థన చదివిన ప్రతిసారీ మా పెద్దలకు ముల్లు గుచ్చినట్లుండేది. 1975లో నంద్యాల కలిసింది. ఇరవై ఎనిమిదేండ్లు పట్టింది.

ఈ నడుమ కొందరు, ఇంత కానుక వేస్తే అంత దీవెన అని మైకుల్లో చెప్తాండారు. మీరు ఆ బేరానికి పోవద్దు. కష్టం తప్పించమని గెత్సేమనే తోటలో ప్రభువే అడిగినాడు. తప్పలేదు. అయినా ఆ మోకాళ్ల మీదనుంచి లేచినప్పుడు ఆయన అడుగు తడబడలేదు. ఏలీయా వాన కోసరం ప్రార్థన చేస్తా పనోడిని ఏడుసార్లు సముద్రం దిక్కు చూసి రమ్మన్నాడు. ఆరుసార్లు వాడు ఏమీ లేదనే చెప్పినాడు. ఆరుసార్లు లేదన్నా లేవకుండా ఉండేదాన్నే విశ్వాసం అంటారు పెద్దోడా. దేవుడు విన్నాడు. వాన ఎప్పుడియ్యాల్నో ఆయనకు ఎరుక. అంతవరకు మనం చేయాల్సింది మనకు ఎరుక.

ఈ రాత్రి పండుకునే ముందర ఊరికే అందరినీ దీవించు అని ముగించొద్దు. పేరు పెట్టి అడగండి. బోర్లు ఎండి అప్పుల్లో పడిన ఆ చివరింటాయన పేరు మొదట చెప్పండి. తెల్లారి మన గాదెలో కొర్రలు ఒక మూట కట్టుకుని ఆ ఇంటికి పోండి, ఆయన పక్కన కూర్చుని నాలుగు మాటలు మాట్లాడి రండి. వాన కోసరం ఆదివారం గుళ్లో మళ్లా అడుగుదాము. అప్పుడూ రాకుంటే ఆపై ఆదివారం అడుగుదాము.