చెంప గిల్లించుకున్న పెన్నీ

బెట్టీ స్మిత్ నవల ‘ఎ ట్రీ గ్రోస్ ఇన్ బ్రూక్లిన్’ 1943లో వెలువడింది. పేదరికంలో పుట్టి చదువు కోసం తపించిన పిల్ల కథ అని మన పిల్లల చేతికిస్తుంటాం. దాన్ని ఆడపిల్లల చరిత్రగానూ చదవాలని మేమంటాం.

1912 వేసవి, విలియమ్స్‌బర్గ్ పేట. 11 ఏళ్ల ఫ్రాన్సీ, తమ్ముడు నీలీ శనివారం నాడు చిత్తుసామాను తీసుకెళ్లి కార్నీ అనే వ్యాపారికి అమ్ముతారు. తను చెంప గిల్లినప్పుడు వెనక్కి తగ్గని ఆడపిల్లకు కార్నీ ఒక పెన్నీ ఎక్కువిస్తాడు. అందుకని నీలీ పక్కకు తప్పుకుని, మూటను అక్క చేతే లోపలికి లాగిస్తాడు. పాత ఒప్పందం ప్రకారం ఆ పెన్నీ మాత్రం అక్కదే! పిల్లల న్యాయం చూడండి. గిల్లుడుకు ధర కట్టారు, కోపం ఎవరికీ రాలేదు. ‘లైంగిక వేధింపు’ అన్న మాట అమెరికాలో ప్రచారంలోకి వచ్చింది 1975లో, అదే రాష్ట్రంలోని ఇథాకాలో. రచయిత్రి 1972లోనే కన్నుమూశారు.

కొన్నేళ్లకు ఇంటి నడవలో ఒక దుర్మార్గుడు ఫ్రాన్సీని పట్టుకుంటే, తల్లి కేటీ ఏప్రన్ కింద దాచిన పిస్తోలుతో వాణ్ణి కాల్చింది. వాడు తాకిన చోట తండ్రి కార్బాలిక్ ఆసిడ్ రాశాడు. వాడు ముక్కూ మొహం తెలియనివాడు. కార్నీ వారం వారం కనిపించేవాడు, పైగా డబ్బిచ్చేవాడు.

భర్త పోయాక ఆ తల్లే కొడుకును హైస్కూలుకూ, చదువంటే ప్రాణమైన కూతుర్ని పనికీ పంపింది. కొడుకు బలవంతపెట్టకపోతే చదవడట, కూతురు ఎలాగో చదువుకుంటుందట. ఈ వాదం మన ఇళ్లలో విననివారెవరు?