వేరుబుడిపెల వంశవృక్షం

పూతకొచ్చిన వేరుశనగ మొక్కను మెల్లగా తవ్వి తీసి, వేళ్లు నీళ్లలో కడిగి చూడండి. ఆవగింజంత బుడిపెలు కనిపిస్తాయి. ఒకదాన్ని గోటితో చిదిమితే లోపల గులాబీ రంగు. మన నెత్తురులోని హిమోగ్లోబిన్‌కు దగ్గరి పదార్థమే అక్కడా ఉంది. బుడిపెల్లో ఉండే బాక్టీరియా గాలిలోని నత్రజనిని పడుతుంది; అందుకు వాడే ఎంజైముకు ఆక్సిజన్ గిట్టదు. అది విచ్చలవిడిగా తగలకుండా ఈ పదార్థం కాపు కాస్తుంది. బుడిపె లోపలంతా గులాబీగా ఉంటే బాక్టీరియా పని చేస్తోందని లెక్క. పాలిపోయి ఉంటే చేయడం లేదు.

పప్పుపైర్లు వేసిన చేను బలపడుతుందని రైతులకు ఎప్పటి నుంచో తెలుసు. కారణం ఈ బుడిపెలేనని 1886లో జర్మనీలో హెల్‌రీగెల్ తేల్చాడు. రెండేళ్లకు నెదర్లాండ్స్‌లో బైజెరింక్ బుడిపెలోని బాక్టీరియాను వేరుచేసి పెంచాడు. ఈ రెంటి నడుమ, 1887లో, మాల్టా దీవిలో డేవిడ్ బ్రూస్ అనే సైనిక వైద్యుడు, జ్వరంతో చనిపోయిన సైనికుల ప్లీహాల్లోంచి ఇంకో బాక్టీరియాను పట్టాడు. తర్వాత ఆయన పేరుమీదే దాన్ని బ్రూసెల్లా అన్నారు. అది మేకల్లో ఉంటోందని 1905లో అక్కడి వైద్యుడు జమ్మిత్ కనిపెట్టాడు. పచ్చిపాల ద్వారా మనుషులకు సోకేది, చూడి పశువులు ఈసుకుపోయేలా చేసేది ఇదే.

ఒకటి పొలానికి మేలు చేసేది, ఇంకొకటి పాడిని పాడుచేసేది. ఈ రెండూ దగ్గరి చుట్టాలని అప్పుడు ఎవరూ ఊహించలేదు. డీఎన్ఏ వరుసలు పోల్చాక తేలింది: రెండూ ఆల్ఫాప్రోటియోబాక్టీరియాలో ఒకే శాఖకు చెందినవి. మొక్కల మొదళ్లలో కణుతులు పుట్టించే ఆగ్రోబాక్టీరియం కూడా ఆ ఇంటిదే. మట్టిలో స్వేచ్ఛగా బతికిన పూర్వీకుల నుంచే ఇవన్నీ వచ్చాయని జన్యువులు చెబుతున్నాయి.

చుట్టరికం పేరుకే కాదు. 1993లో అమెరికాలో గ్రాహం వాకర్ బృందం, అల్ఫాల్ఫా బుడిపెల్లో నిలదొక్కుకోవాలంటే రైజోబియాకు, అంటే బుడిపెల బాక్టీరియాకు, బాక్-ఎ అనే జన్యువు తప్పనిసరి అని చూపింది. అది పోతే బాక్టీరియా మొక్క కణంలోకి చొరబడుతుంది గానీ అక్కడే చచ్చిపోతుంది. బ్రూసెల్లాలోనూ అదే జన్యువు ఉంది. 2000లో దాన్ని తీసేసి చూస్తే, ఎలుకల్లో అది ఎక్కువ కాలం నిలవలేకపోయింది. నాకు ఈ కథలో అన్నిటికన్నా అబ్బురం కలిగించేది ఇదే. పరాయి కణంలో కాపురం పెట్టే విద్య ఒకటే. మేలుకూ కీడుకూ రెంటికీ అదే పనికొచ్చింది.

మరి ఏ దారిన పోవాలో తేల్చేదేమిటి? చాలావరకు, ఒకదాన్నుంచి ఇంకొకదానికి దాటిపోయే జన్యువుల మూటలు. బుడిపెలు పుట్టించే జన్యువులు చాలా రైజోబియాల్లో ప్రధాన క్రోమోజోములో ఉండవు, ప్లాస్మిడ్ అనే విడి డీఎన్ఏలో ఉంటాయి. ఆగ్రోబాక్టీరియంలో కణుతుల జన్యువులూ అంతే. 1981లో క్లోవర్ రైజోబియా ప్లాస్మిడ్‌ను ఆగ్రోబాక్టీరియంలోకి ఎక్కిస్తే అది క్లోవర్ వేళ్ల మీద బుడిపెలు పుట్టించింది. ఇది ప్రయోగశాల మాట. న్యూజిలాండ్‌లోనైతే చేలోనే జరిగింది. లోటస్ అనే పశుగ్రాసానికి ఒకే రకం రైజోబియా పట్టించి విత్తారు. ఏడేళ్లకు చూస్తే బుడిపెల్లో ఎన్నో రకాల స్థానిక బాక్టీరియా! విత్తనంతో వచ్చిన బాక్టీరియా నుంచి దాదాపు 5 లక్షల అక్షరాల డీఎన్ఏ ముక్క వాటిలోకి దూకేసింది.

2010లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు ఇంకో అడుగు వేశారు. రాల్‌స్టోనియా అనే బాక్టీరియాను వంగ, టమాటా రైతులు ఎరుగుదురు: ఆకు పచ్చగా ఉండగానే మొక్క వాలిపోతుంది, కోసిన కాండాన్ని నీళ్ల గ్లాసులో వేలాడదీస్తే తెల్లటి దారాలు జారతాయి. ఆ దారాలు బాక్టీరియా గుంపులే. ఆ రోగకారికి, అత్తిపత్తి వేళ్లలో నత్రజని పట్టే బాక్టీరియా ప్లాస్మిడ్‌ను ఇచ్చారు. మొదట బుడిపెలు రాలేదు. మొక్క కణాల్లోకి రోగపు ప్రోటీన్లను గుచ్చే యంత్రాంగం మ్యుటేషన్‌తో పాడైన రకాలు మాత్రమే అత్తిపత్తి వేళ్ల మీద బుడిపెలు పుట్టించాయి. పాత ఆయుధం పోతే గానీ మొక్క లోపలికి రానివ్వలేదన్నమాట. అయినా ఆ బుడిపెల్లో నత్రజని పట్టే పని జరగలేదు. లోపలికి చేరడం వేరు, మొక్కకు తిండి పెట్టడం వేరు. రెండోది ఒక్క మూటతో అబ్బే విద్య కాదు.