దేశాంతరము – రేఖాంశము

భూమిపై నొక యూరి యునికిని నిర్దేశించుటకు అక్షాంశ రేఖాంశములు రెండును వలయును. పాఠ్యగ్రంథములు వీనిని జంటగా పేర్కొనుటచే రెండును ఒకే తీరువని తోచును. కాని మొదటిది ప్రకృతిసిద్ధము, రెండవది వ్యవహారసిద్ధము. ఈ భేదమును మన పూర్వ జ్యోతిషుల పరిభాష స్పష్టముగా చూపుచున్నది.

అక్షాంశగణనకు మొదలు భూమధ్యరేఖ, తుద ధ్రువము. ఇవి భూభ్రమణముచే నేర్పడినవి. కావున అక్షాంశమును తెలియుటకు పరస్థలముతో పనిలేదు. విషువద్దినమున మధ్యాహ్నవేళ పండ్రెండంగుళముల శంకువు నీడను కొలిచిన చాలును. ఆ నీడకు పలభయని పేరు. 17 డిగ్రీల అక్షాంశము గల రాజమహేంద్రవరమున పలభ సుమారు మూడంగుళములమీద మూడింట రెండు పాళ్లు.

రేఖాంశమట్టిది కాదు. ఒకే అక్షాంశమునందలి యూళ్లన్నిటను ఆకాశమొకే తీరున తిరుగును. అందుచే రెండు చోట్ల కాలమును పోల్చి చూడవలసియున్నది. దీనినే మనవారు దేశాంతరమనిరి. అనగా రెండు స్థలముల నడిమి యంతరము. సూర్యసిద్ధాంతము లంక, అవంతుల మీదుగా పోవు రేఖను మధ్యరేఖగా గ్రహించినది. సంపూర్ణ చంద్రగ్రహణము గణితాగతకాలమునకు తరువాత కనబడిన స్థలము ఆ రేఖకు తూర్పుననియు, ముందు కనబడినది పడమరననియు నిర్ణయించినది. గ్రహణమెల్లరకు నొకే క్షణమున కలిగినను స్థానికకాలములు వేరగుటయే యిందలి కీలకము.

భూమి 60 ఘడియలలో 360 డిగ్రీలు తిరుగును. ఘడియకు 6 డిగ్రీలు. రాజమహేంద్రవరము ఉజ్జయినికి సుమారు 6 డిగ్రీలు తూర్పున నున్నది. కావున ఉజ్జయినికి గణించిన తిథ్యంతమును దేశాంతరసంస్కారము లేక గోదావరీతీరమున గ్రహించినచో ఒక ఘడియ, అనగా 24 నిమిషములు, తప్పును. ఏ దినమున వ్రతమాచరింపవలెనను నిర్ణయమే ఒక్కొక్కప్పుడు దీనివలన మారిపోవును.

1884లో వాషింగ్టన్ సభయందు 25 దేశముల ప్రతినిధులు కూడి గ్రీనిచ్ రేఖను మొదటి రేఖగా నెన్నుకొనిరి. 22 దేశములు అంగీకరించెను, ఫ్రాన్సు తటస్థముగా నుండెను. ధ్రువమును ఓటుచే నిర్ణయింప నెవరును సభ చేయలేదు. 1906 మొదలు భారతదేశ ప్రామాణికకాలమునకు ఆధారమైన 82 డిగ్రీల 30 నిమిషముల రేఖ తుని చేరువనే పోవుచున్నది. నేలపై దానికి ప్రకృతి పెట్టిన గురుతు లేదు.

నేడు వాడుకలో దేశాంతరమనగా పరదేశమను అర్థమే మిగిలినది. రేఖాంశమను మాట రేఖను చూపును. ఎచటినుండి, ఎవరి కాలముతో పోల్చి యను ప్రశ్నను మరపించును. ఆ ప్రశ్నను పాతమాట తనలోనే నిలుపుకొన్నది.