సాక్షితీగ పుట్టుపూర్వోత్తరములు

గ్రాఫిక్స్ కార్డునకు కరెంటు నందించు ఆరుపిన్నుల ప్లగ్గు 75 వాట్లకును, ఎనిమిదిపిన్నుల ప్లగ్గు 150 వాట్లకును నిర్ణయింపబడినవని వినినంతనే, అధికముగా చేరిన ఆ రెండు పిన్నులే తక్కిన 75 వాట్లను మోసికొని వచ్చుచున్నవని ఎవరైనను తలంతురు. నేనును అట్లే తలచితిని. కాని అవి రెండును నల్లతీగలే. ఒకటి కరెంటు తిరిగిపోవు దారి. రెండవది శక్తి నేమియు మోయదు. తాను గ్రౌండుతో కలిసియున్నానని కార్డునకు సాక్ష్యము చెప్పుటకే అచట నిలిచియుండును. ఆ ఒక్క సాక్ష్యమును నమ్మి కార్డు రెట్టింపు ఆకలితో విస్తరి ముందు కూర్చుండును.

ఈ సంగతి నాకు నిజామాబాదు జిల్లా అంకాపూరులో, మా తమ్ముని యింట, పసుపు ఉడుకబెట్టు దినములలో తెలిసినది. వాని కొడుకు పాత కంప్యూటరు పెట్టెను విప్పి, తెచ్చుకొన్న పాత కార్డునకు తగిన ప్లగ్గు లేకపోవుటచే, ఆరుపిన్నుల తీగకు రెండు నల్లతుంపులను అతికి ఎనిమిది చేయుచుండెను.

"అవి రెండు యాడికి పోతయిరా?" అంటిని.

"యాడికి పోవు పెదనాయినా. గవి ఉత్త సాక్షి లెక్క. గ్రౌండుకు తాకితే సాలు, కార్డు నమ్ముతది."

"నమ్మినంక తీగె కాలితే?"

"కాలకుండ సూసుకునుడు మన పని."

ప్రమాణపత్రము ఆరుపిన్నుల ప్లగ్గులో నడిమి పిన్నును ఖాళీగా విడిచినను, తయారీదారులలో పెక్కుమంది దానికిని కరెంటు తెచ్చు పసుపుతీగను బిగించుచుండుటచేతనే పిల్లవాని పని సాధ్యమైనది. నడిమితీగ లేని ప్లగ్గునకు ఇట్టి సాక్ష్యము కట్టుట కూటసాక్ష్యమే యగును.

ఈ సాక్షి వంశమును వెదకబోయిన నాకు మొట్టమొదట తగిలినది పూలకుండీ. 1938లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రమున ఫ్రెడరిక్ క్రేబీల్ అను నతడు తారు, రాతినార, సున్నపురాయి కలిపి ఒక ముద్దను సిద్ధపరచి, దానికి మోలెక్స్ అని పేరిడి, పూలకుండీలను, గడియారపు పెట్టెలను పోతపోయించెను. ఆ ముద్ద విద్యుత్తును చొరనీయదని పిమ్మట గ్రహించిన అతని కుటుంబము ప్లగ్గుల వ్యాపారమున దిగినది. నేడు సికిందరాబాదు పార్క్‌లేన్‌లో, చెనాయ్ ట్రేడ్ సెంటరు మెట్లపై నిలిచి "మోలెక్స్" అని యడిగిన చేతికి వచ్చు నాలుగుపిన్నుల తెల్లప్లగ్గు, వింత యేమనగా, ఆంప్ అను వేరొక సంస్థ రూపొందించినది. ఒకరి కుండీ పేరు ఒకరి ప్లగ్గునకు అంటుకొన్నది. అందలి యెర్రతీగ 5 వోల్టులు, తర్కము నడుపు చిప్పులకు. పసుపుతీగ 12 వోల్టులు, డిస్కులను త్రిప్పు మోటారులకు. అనగా నేడు తెరపై బొమ్మల నాడించు తీగ పుట్టుకచే మోటారుతీగ. మా తమ్ముని ట్రాక్టరు బ్యాటరీయు అదే 12 వోల్టులది.

2000లో త్రీడీఎఫ్ఎక్స్ సంస్థవారి వూడూ 5 కార్డు ఆ డిస్కుప్లగ్గునే యాచించెను. దాని యన్న, నాలుగు చిప్పుల 6000, అదియు చాలక, గోడకు తగిలించు ప్రత్యేకమైన అడాప్టరును కోరెను! అది అంగడికి రాకమునుపే, ఆ యేటి డిసెంబరులో, సంస్థ ఆస్తులు ఎన్విడియా పరమగుట నిశ్చయమాయెను. ఈ గోడ అడాప్టరు బొమ్మను చూచినప్పుడు నాకు నవ్వు వచ్చినది. ఏలయన అది మా చిన్ననాటి ఎలిమినేటరు తప్ప వేరు కాదు.

ఎలిమినేటరు! నాలుగు సెల్లుల ట్రాన్సిస్టరు రేడియోకు సెల్లుల వెచ్చము తప్పింప, ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మరు, రెండో నాలుగో డయోడులు, ఒక కండెన్సరు డబ్బాలో బిగించి, ఊరూర రేడియో బాగుచేయువారు అమ్మెడివారు. కండెన్సరు చిన్నదైనచో వార్తలు చదువు గొంతు వెనుక తుమ్మెద రొద వినవచ్చును. అంతకు పెద్దది అతికిన రొద అణగును. ఆరు వోల్టులని వ్రాసిన డబ్బా, భారము లేనపుడు తొమ్మిదింటి దాక ఎగబ్రాకును. కొసమొనలో ధనధ్రువము లోపలనో వెలుపలనో తెలియక, నేను ఒకనాటి సాయంకాలము మా నాయన రేడియోకు తలక్రిందుగా తగిలించి, దానిని శాశ్వతముగా మౌనవ్రతమునకు నియమించితిని. ఆయన నన్ను తిట్టలేదు. పెట్టె వెనుక రేకు విప్పి, లోపల అంటించియున్న సర్క్యూటు పటమును చూపి, "గిది సదివి తగిలియ్యాలెరా" అనెను. నాటి పెట్టెలలో అట్టి పటము లుండెడివి. నేటి పెట్టెల పైన హెచ్చరికలు మాత్రమే యున్నవి.

తీగ లతికి యంత్రమును నమ్మించు విద్య పొలములలోను కలదు. రెండు ఫేజులే వచ్చు వేళలలో కండెన్సరులు తగిలించి మూడు ఫేజుల మోటారును నమ్మించుట, నడిరేయి కరెంటు వచ్చినంతనే మోటారు తనంతట లేచునట్లు ఆటోస్టార్టరు కట్టుట రైతు లెరిగిన పనులు. 2018 జనవరి 1 నుండి తెలంగాణమున వ్యవసాయమునకు 24 గంటల సరఫరా మొదలైనపుడు, ఊరిమోటారు లన్నియు ఒక్కమారుగ లేచి భూగర్భజలమును తోడివేయునని, ఆటోస్టార్టరులను తొలగింపుడని ప్రభుత్వమువారు బ్రతిమాలవలసి వచ్చెను.

ఈ పసుపుసీమ రైతులే ప్లగ్గులను గొలుసుకట్టించిన సంగతి యొకటి చెప్పక తప్పదు. 2019 ఏప్రిల్ 11న ఎన్నిక జరిగిన నిజామాబాదు లోక్‌సభ స్థానమునకు, పసుపునకును ఎర్రజొన్నకును ధర కోరి రైతులు గుంపుగా నామపత్రములు వేయగా, అభ్యర్థులు 185 మందియైరి. 64 పేర్లకు మించి మోయలేని పాత ఓటుయంత్రము చాలక, కొత్త తరము యంత్రమునకు పదునారేసి పేర్ల యూనిట్లను 12 గొలుసుకట్టి ఎన్నిక జరిపిరి. ఇట్టి యంత్రములను చేయు సంస్థలు రెండు. అందొకటి, డాక్టర్ ఎ.ఎస్. రావుగారు తీర్చిన హైదరాబాదు ఇ.సి.ఐ.ఎల్., జన్మించినది 1967లో అదే ఏప్రిల్ 11న.

మరల కార్డునకు వత్తము. ఆరుపిన్నుల ప్లగ్గు 2004 నాటిది. ఎనిమిదిపిన్నులది కొన్నేండ్ల పిదప వచ్చెను. 150 వాట్లను 12 వోల్టులచే భాగింప 12.5 ఆంపియర్లు, మూడు తీగలు పంచుకొనగా ఒక్కొక్కదానికి నాలుగు చిల్లర. పిన్ను అందుకు దాదాపు రెట్టింపు మోయగలదు. ఈ ఔదార్యమే ఇంటిలో అతికెడివారిని ఇన్నాళ్లు కాపాడినది. డిస్కులకు తగిలించు సాటా ప్లగ్గునుండి తీసికొను చౌక అడాప్టరులకు ఆ రక్షణ లేదు. దానికి విధించిన హద్దు 4.5 ఆంపియర్లు, అనగా 54 వాట్లే. ఇక ఈ తీగల కన్నిటికి కరెంటు నిచ్చు సరఫరాపెట్టె వైపు కొనలు ఒక్కొక్క తయారీదారునకు ఒక్కొక్క వరుస. రూప మొకటే, లోపలి క్రమము వేరు, మార్చి తగిలించిన మసియే.

2022లో వచ్చిన పదునారు పిన్నుల ప్లగ్గు 600 వాట్లకు ఆరు పసుపుతీగలను మాత్రమే నిలిపెను. ఒక్కొక్కదానిపై 8.3 ఆంపియర్లు, హద్దు 9.5. వారములలోనే కొనలు కరిగిన వార్తలు వచ్చెను. ప్లగ్గు పూర్తిగా దిగకపోవుటయే ముఖ్యకారణమని ఎన్విడియా పలికెను. మరుసటియేట సవరించిన ప్లగ్గులో సాక్షిపిన్నులను కురుచ చేసిరి: కడదాక దిగనిదే అవి తాకవు, తాకనిదే కార్డు కరెంటు కోరదు.

మావాడు ఈ లెక్క విని, కార్డు వాడుకొను వాట్ల హద్దును సాఫ్టువేరులో తగ్గించి, అరగంట ఆట ఆడించెను. ముంగిట తమ్ముడు ఉడికిన పసుపుకొమ్మును పుల్లతో గ్రుచ్చి చూచుచుండగా, లోపల వాడు ప్లగ్గును వ్రేలితో తాకి చూచి, "గోరెచ్చగున్నది పెదనాయినా" అనెను.