జీవపరిణామ బోధన - పాఠ్యపుస్తక మౌనం: టెనెసీ స్కోప్స్ కేసు (1925) పరిశీలన

ఉపోద్ఘాతం

పాఠశాలలో ఏది బోధించాలో నిర్ణయించే అధికారం ఎవరిది? శాస్త్రవేత్తలదా, పన్ను కట్టే ప్రజలదా, తరగతి గదిలో నిలబడే ఉపాధ్యాయునిదా? 1925లో అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో జరిగిన స్కోప్స్ విచారణ ఈ ప్రశ్నను న్యాయస్థానం ముందుకు తెచ్చింది. ఆ కేసును విజ్ఞానానికీ మతానికీ మధ్య జరిగిన వాగ్యుద్ధంగా వర్ణించడం పరిపాటి. బోధన చరిత్ర దృష్ట్యా చూస్తే, న్యాయస్థానంలో వినిపించిన వాదాల కంటే ఆ తరువాత పాఠ్యపుస్తకాల్లో నెలకొన్న మౌనమే ఎక్కువ ప్రభావం చూపింది. ఆ క్రమాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

బట్లర్ చట్టం

20వ శతాబ్ది తొలి దశకాల్లో అమెరికాలో ఉన్నత పాఠశాలలు వేగంగా విస్తరించాయి. వాటితోపాటే డార్విన్ సిద్ధాంతం గ్రామీణ కుటుంబాల పిల్లల పుస్తకాల్లోకి ప్రవేశించింది. రైతు అయిన శాసనసభ్యుడు జాన్ వాషింగ్టన్ బట్లర్ ప్రతిపాదించిన బిల్లుపై 1925 మార్చి 21న గవర్నర్ ఆస్టిన్ పే సంతకం చేశాడు. బైబిల్ చెప్పిన మానవ సృష్టిని నిరాకరించి, మనిషి నిమ్నస్థాయి జంతువుల నుండి పుట్టాడని ప్రభుత్వ విద్యాసంస్థల్లో బోధించడం నేరమైంది. జరిమానా 100 నుండి 500 డాలర్లు. అయితే రాష్ట్రమే నిర్దేశించిన పాఠ్యపుస్తకం, జార్జ్ విలియం హంటర్ రచించిన 'సివిక్ బయాలజీ' (1914)లో పరిణామ పాఠం ఉంది. దానిని బోధిస్తే చట్టోల్లంఘన, విడిచిపెడితే విధి నిర్వహణలో లోపం. ఈ వైరుధ్యం భారమంతా ఉపాధ్యాయునిపైనే పడింది.

డేటన్ విచారణ

చట్టాన్ని సవాలు చేసే ఉపాధ్యాయునికి అండగా నిలుస్తామని అమెరికన్ సివిల్ లిబర్టీస్ యూనియన్ ప్రకటించింది. తమ ఊరికి పేరు వస్తుందని ఆశించిన డేటన్ పట్టణ ప్రముఖులు 24 ఏళ్ల జాన్ స్కోప్స్‌ను ఒప్పించారు. జులై 10న విచారణ మొదలైంది. ప్రజల పన్నులతో నడిచే బడిలో ప్రజల మాటే చెల్లాలని విలియం జెన్నింగ్స్ బ్రయన్ వాదించాడు. బలవంతుడిదే గెలుపు అనే భావన నీతిని దెబ్బతీస్తుందన్న అతని భయం పూర్తిగా నిరాధారం కాదు. హంటర్ పుస్తకం మానవ జాతులను అంతస్తులుగా పేర్చి శ్వేతజాతిని పైన నిలిపింది, సుజనన వాదాన్ని సమర్థించింది. కానీ చట్టం నిషేధించింది ఆ జాత్యహంకారాన్ని కాదు, పరిణామ సిద్ధాంతాన్ని.

జులై 20న క్లారెన్స్ డారో బ్రయన్‌నే సాక్షిగా నిలబెట్టి బైబిల్‌పై ప్రశ్నించడం పత్రికలకు పెద్ద వార్త అయింది. మరునాడు జ్యూరీ 9 నిమిషాల్లో స్కోప్స్‌ను దోషిగా తేల్చింది. జరిమానా 100 డాలర్లు. దానిని జ్యూరీ కాక న్యాయమూర్తి విధించాడన్న సాంకేతిక కారణంతో 1927లో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం శిక్షను రద్దుచేసింది, చట్టాన్ని మాత్రం నిలిపింది. శిక్షే లేకపోవడంతో ఆ కేసు దేశ సుప్రీంకోర్టుకు చేరే దారి మూసుకుపోయింది.

పాఠ్యపుస్తక మౌనం

1926లో మిసిసిపీ, 1928లో ప్రజాభిప్రాయ ఓటుతో ఆర్కన్సా ఇటువంటి నిషేధాలనే తెచ్చాయి. ప్రచురణకర్తలు ముందుగానే జాగ్రత్తపడ్డారు. 1926 నాటి హంటర్ సవరణ ప్రతిలో 'పరిణామం' అన్న మాట కనిపించదు. ఇటువంటి పుస్తకాలు దేశమంతటా అమ్ముడయ్యేవి కనుక నిషేధం లేని రాష్ట్రాల విద్యార్థులకూ ఆ పాఠం పలచబడింది.

1957లో సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను ప్రయోగించాక అమెరికా తన విజ్ఞాన విద్యను పునఃసమీక్షించుకుంది. ప్రభుత్వ సహాయంతో రూపొంది 1963లో వెలువడిన జీవశాస్త్ర పుస్తకాలు పరిణామాన్ని తిరిగి కేంద్రస్థానంలో నిలిపాయి. 1965లో లిటిల్ రాక్ పాఠశాలలకు పరిణామ పాఠమున్న కొత్త పుస్తకం వచ్చినప్పుడు, 40 ఏళ్ల నాటి సందిగ్ధమే సుసాన్ ఎపర్సన్ అనే ఉపాధ్యాయినికి ఎదురైంది. ఆమె న్యాయస్థానాన్ని ఆశ్రయించింది. 1967లో టెనెసీ తన చట్టాన్ని రద్దుచేసుకుంది. 1968లో సుప్రీంకోర్టు ఆర్కన్సా నిషేధాన్ని కొట్టివేసింది. ఆ తరువాత వ్యతిరేకత రూపం మార్చుకుంది. సృష్టివాదానికి సమాన స్థానం కోరిన లూసియానా చట్టం 1987లో, 'మేధోరచన' వాదాన్ని తరగతిలోకి తెచ్చిన డోవర్ పాఠశాల మండలి విధానం 2005లో న్యాయస్థానాల్లో వీగిపోయాయి.

ముగింపు

చట్టరూపంలో ఉన్న నిషేధాన్ని సవాలు చేయడానికి ఒక ఉపాధ్యాయుడు చాలు. పుస్తకం నుండి జారిపోయిన పాఠానికి ఫిర్యాదిదారు ఉండడు, తాను కోల్పోయినదేమిటో విద్యార్థికీ తెలియదు. కనుక బోధనా స్వేచ్ఛ చరిత్రను అధ్యయనం చేసేవారు తీర్పులతోపాటు పాఠ్యపుస్తకాల వరుస ముద్రణలనూ పక్కపక్కన పెట్టి చదవవలసి ఉంటుంది.